తైలవర్ణ చిత్రాలలో సైకిల్ వేగం

సైకిల్ పందెం, సైకిల్ సవారీ 20వ శతాబ్దపు తొలి దశకాలలో ఐరోపా చిత్రకారులను ఆకర్షించిన ఇతివృత్తాలు. కదలని కాన్వాసుపై వేగాన్ని చూపడం ఎట్లా అన్నది వారి ముందున్న సమస్య. దీనిని ముగ్గురు చిత్రకారులు మూడు విధాలుగా పరిష్కరించారు.

జాఁ మెట్జింజర్ (1883–1956)
ఇతడు ఫ్రాన్సుకు చెందిన క్యూబిస్టు చిత్రకారుడు. 1912లో గీసిన "ఓ వెలోడ్రోమ్" చిత్రంలో పారిస్-రూబే పందెపు చివరి గజాలను చూపాడు. ఇందులోని పోటీదారును ఆ ఏటి విజేత షార్ల్ క్రుపెలాండ్‌గా గుర్తించారు. అతని తల పారదర్శకంగా ఉండి, వెనుకనున్న ప్రేక్షకులు దాని గుండా కనిపిస్తారు. తైలవర్ణాలకు తోడు ఇసుకను, అచ్చు కాగితపు ముక్కలను కూడా వాడాడు. ఈ చిత్రం వెనిస్ నగరంలోని పెగ్గీ గుగ్గెన్‌హైమ్ సేకరణలో ఉన్నది.

ఉంబెర్టో బొచ్చోని (1882–1916)
ఇటలీకి చెందిన ఫ్యూచరిస్టు. 1913లో "సైక్లిస్టు చలనశక్తి" అనే చిత్రాన్ని గీశాడు. వేగంగా పోయే వస్తువు తన చుట్టూ ఉన్న వాతావరణంతో కలసిపోతుందని ఫ్యూచరిస్టుల భావన. అందుకే ఇందులో మనిషి, సైకిల్, గాలి వేరువేరుగా కనబడవు.

నటాలియా గొంచరోవా (1881–1962)
రష్యాకు చెందిన చిత్రకారిణి. ఈమె 1913లో గీసిన "సైక్లిస్టు" పందెపు చిత్రం కాదు. దుకాణాల బోర్డుల ముందు, రాళ్ళు పరచిన వీధిలో ఒకడు సైకిల్ తొక్కుతుంటాడు. చక్రాల, కాళ్ళ రేఖలను పలుమార్లు గీయడం వలన కదలిక, కుదుపు తెలుస్తాయి.

పోలిక
వేగం కోసం రూపాన్ని ఎంతవరకు వదులుకోవచ్చు అన్నదే ఈ చిత్రాల మధ్య భేదం. మెట్జింజర్, గొంచరోవాలు మనిషిని నిలుపుకున్నారు. బొచ్చోని దాదాపుగా వదలివేశాడు.