ఆపరేటింగ్ సిస్టం స్వయంచాలిత స్థాపన

అనేక కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టంను, ప్రతి యంత్రం ఎదుట ఒకరు కూర్చొని ప్రశ్నలకు జవాబులివ్వనవసరం లేకుండా స్థాపించే విధానాన్ని ఆపరేటింగ్ సిస్టం స్వయంచాలిత స్థాపన అంటారు. కార్యాలయాలలోను, కళాశాలల కంప్యూటరు ప్రయోగశాలలలోను ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఆవశ్యకత

స్థాపన సమయంలో భాష, కీబోర్డు అమరిక, కాలమండలం, డిస్కు విభజన, వాడుకరి పేరు, సంకేతపదం మొదలైన వివరాలు ఇవ్వవలసి ఉంటుంది. 2011 నాటికి నల్గొండ జిల్లాలో 59, మహబూబ్ నగర్ జిల్లాలో 64, వెరసి 123 మండలాలు ఉండేవి. ఉదాహరణకు మండలానికి 4 కంప్యూటర్లు, ఒక్కొక్క దానికి 45 నిమిషాలు అనుకుంటే, 492 కంప్యూటర్లకు ఒక్క వ్యక్తి 369 గంటలు, అనగా రోజుకు 8 గంటల చొప్పున సుమారు 46 పనిదినాలు వెచ్చించాలి. పైగా చేతితో చేసినప్పుడు ఒక యంత్రానికీ మరొక యంత్రానికీ అమరికలు తేడా వస్తాయి.

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఒకే రోజున ఏర్పడ్డాయి. అనేక కార్యాలయాలు ఒక్కసారిగా పని మొదలుపెట్టవలసిన ఇటువంటి సందర్భాలలో ఈ విధానం ప్రయోజనం స్పష్టమవుతుంది. పాత సిస్టంకు మద్దతు ముగిసినప్పుడు కూడా ఇదే అవసరం కలుగుతుంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది.

ముఖ్య పద్ధతులు

జవాబుల ఫైలు: అన్ని ప్రశ్నలకూ జవాబులను ముందుగానే ఒక ఫైలులో రాసి ఉంచుతారు. రెడ్ హ్యాట్ లినక్స్‌లో దీనిని కిక్‌స్టార్ట్ అని, డెబియన్‌లో ప్రిసీడ్ అని, విండోస్‌లో అనటెండెడ్ ఫైలు అని అంటారు. సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే ఆధారం.

ప్రతిబింబం: ఒక కంప్యూటరును పూర్తిగా సిద్ధం చేసి, దాని డిస్కు నకలును మిగిలిన వాటిలోకి ఎక్కిస్తారు. విండోస్‌లో నకలు తీయడానికి ముందు సిస్‌ప్రెప్ అనే ఉపకరణంతో ఆ యంత్రానికి మాత్రమే చెందిన గుర్తింపును తొలగించాలి.

నెట్‌వర్కు ద్వారా స్థాపన: ఇంటెల్ సంస్థ రూపొందించిన పీఎక్స్‌ఈ ప్రమాణం 2.1 వెర్షను 1999లో వెలువడింది. దీని ప్రకారం కంప్యూటరు ఆన్ కాగానే డీహెచ్‌సీపీ సర్వరు నుండి చిరునామాను, టీఎఫ్‌టీపీ సర్వరు నుండి ప్రారంభ ప్రోగ్రామును పొందుతుంది. ఆ తరువాత స్థాపన జవాబుల ఫైలు ప్రకారం సాగుతుంది.

దూర ప్రాంతాలలో అన్వయం

పీఎక్స్‌ఈ ప్రధానంగా ఒకే భవనంలోని స్థానిక నెట్‌వర్కుకు అనువైనది. డీహెచ్‌సీపీ అభ్యర్థనలు ప్రత్యేక ఏర్పాటు లేనిదే రౌటరును దాటిపోవు. కావున దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వంటి దూరపు పట్టణాల కార్యాలయాలకు రెండు మార్గాలు అనుకూలం. కంప్యూటర్లను జిల్లా కేంద్రంలోనే సిద్ధం చేసి పంపడం ఒకటి, జవాబుల ఫైలుతో కూడిన యూఎస్‌బీ డ్రైవును పంపడం రెండవది.

జాగ్రత్తలు

ఈ విధానంలో ఒక్క పొరపాటు అన్ని యంత్రాలలోనూ పునరావృతమవుతుంది. డిస్కును చెరిపివేయమనే ఆదేశం జవాబుల ఫైలులో ఉంటే, యంత్రం తిరిగి అడగకుండానే దానిలోని దస్త్రాలన్నింటినీ తొలగిస్తుంది. కావున పాత కంప్యూటర్లలోని సమాచారాన్ని ముందుగా వేరొకచోట భద్రపరచి, ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. ఫైలును మొదట ఖాళీ కంప్యూటరుపై పరీక్షించాలి. సంకేతపదాన్ని అందులో యథాతథంగా రాయరాదు. స్థాపన మధ్యలో విద్యుత్తు పోతే సాధారణంగా మొదటి నుండి చేయవలసి ఉంటుంది గనుక యూపీఎస్ అవసరం. చివరగా ఒకటి రెండు యంత్రాలలో తెలుగు ఖతులు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ప్రింటరు పనిచేస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతనే మిగిలిన వాటిలో స్థాపన ప్రారంభించాలి.