గీతా? పగులా?

రాజమండ్రి దగ్గర ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రం. మధ్యాహ్నం రెండు దాటింది. టర్బైన్ ఆపి చల్లారబెట్టినా, గది తలుపు తియ్యగానే వేడి మొహానికి కొడుతోంది. ఆగండి. ముందు తాళానికున్న ట్యాగ్ చూడండి. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ లైను మూసి తాళం వేశారు. మీరు లోపలుండగా ఆ గ్యాసు వదిలితే ఊపిరి అందదు. తాళం మీ చేత్తో లాగి చూసుకున్నాకే లోపలికి వంగండి.

కేసింగ్ మీద చిన్న ప్లగ్ విప్పి ఉంది. మీ చేతిలో చిటికెన వేలికన్నా సన్నని గొట్టం. కొసన కెమెరా, దీపం. బోరోస్కోప్ అంటే ఇదే. నెమ్మదిగా తొయ్యండి. తెరమీద మొదటి వరస బ్లేడ్లు తేలతాయి.

"ఒక్క బ్లేడు జరుపు తమ్ముడూ," అంటారు వాకీటాకీలో. అవతల కుర్రాడు రోటర్‌ని చేత్తో తిప్పుతాడు.

"వచ్చిందా అన్నా?"

"వచ్చింది. ఇంకోటి."

మొదటిది బాగుంది. రెండోదీ బాగుంది. మూడోదాని ముందు అంచున సొట్ట. స్టీలు గిన్నె గచ్చుమీద పడితే పడే సొట్టలాంటిది. "జరుపు." మళ్ళీ సొట్ట. తర్వాత బ్లేడుకీ ఉంది.

ఒక్క బ్లేడే పాడైతే, దాని చల్లగాలి రంధ్రాలు పూడి కాలిపోయిందేమో అనుకోవచ్చు. వరసగా ఇన్నింటికి తగిలిందంటే ఏదో ముక్క వీటి మధ్యలోంచి పోయింది. దగ్గరికి వెళ్ళండి. సొట్ట అడుగు మెరుస్తోంది. వేడిలో నడిచేకొద్దీ లోహం మాసిపోతుంది. ఇది మాసిపోలేదు. దెబ్బ తాజాది.

ముక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? గాలి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. ప్రోబ్ బయటికి తీసి కంప్రెసర్ చివరి వరసల్లో పెట్టండి. అక్కడ గాటు లేదు. అంటే ముక్క గాలితో రాలేదు, మంట మండే చోటే ఊడింది. ఒక్కో కంబస్టర్‌లోకి చూస్తూ రండి. ఇదిగో. మంట గ్యాసును బ్లేడ్ల మీదికి మళ్ళించే ట్రాన్సిషన్ పీస్. దాని చివర సీల్ సగం లేదు. మిగిలిన సగం వేలాడుతోంది.

ఫోన్ మోగుతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి.

"సార్, లోడ్ డిస్పాచ్ వాళ్ళు అడుగుతున్నారు. సాయంత్రం పీక్‌కి మెషిన్ ఇస్తామా?"

"పది నిమిషాలాగండి."

మళ్ళీ బ్లేడ్ల దగ్గరికి. ఒక సొట్ట కింద, బ్లేడు మొదలుకి దగ్గరగా, వెంట్రుకంత నల్ల గీత. మసి కావచ్చు. గీరుడు కావచ్చు. ప్రోబ్ కొస వంచండి. వెలుగు పక్కనుంచి పడనివ్వండి. మసి అయితే నీడ ఉండదు. గీరుడైతే వెలుగు కోణం మారగానే మాయమవుతుంది.

ఎడమనుంచి చూడండి. గీత ఉంది, నీడా ఉంది.

కుడినుంచి. ఉంది.

కిందనుంచి. ఉంది.

పగులు.

ఇంత చిన్నదానికి భయమెందుకంటారా? ఈ యంత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఇరుసుకు ఒక మీటరు దూరంలో తిరిగే కిలో లోహాన్ని దాదాపు పది టన్నుల బలం బయటికి లాగుతుంది. ఆ లాగుడంతా బ్లేడు మొదలు భరించాలి. పైన వెయ్యి డిగ్రీలు దాటిన గ్యాసు. పగులు పాకుతుంది. బ్లేడు తెగుతుంది. పక్కదాన్ని కొడుతుంది. అది వెనక వరసను కొడుతుంది. రోటర్ బ్యాలెన్స్ తప్పుతుంది. అప్పుడు యంత్రం ట్రిప్ అయి ఆగినా ఆలస్యమే.

చిన్న సొట్టయితే, అది తయారీదారు మాన్యువల్లో ఉన్న పరిమితి లోపలుంటే, అంచు నునుపు చేసి నడపొచ్చు. ఇక్కడ పగులుంది. ఊడటానికి సిద్ధంగా సగం సీలుంది.

ఫోన్ ఎత్తండి.

"ఇవ్వలేమని చెప్పండి. కేసింగ్ తెరవాలి."

అవతల క్షణం నిశ్శబ్దం. "అలాగే సార్."

రేపు బ్లేడ్లు విప్పి, మెరిసే ద్రవం పూసి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. కెమెరాకు చిక్కని పగుళ్ళు కూడా అక్కడ ఆకుపచ్చగా వెలుగుతాయి. ఈలోగా ఊడిన ముక్క కోసం వెనక వరసలు, ఎగ్జాస్ట్ వెతకండి. తెరమీద సొట్ట కనిపించిన ప్రతిసారీ దాన్ని కొలిచి ఊరుకోకండి. కొట్టిందేదో, ఎక్కణ్ణుంచి ఊడిందో తేలేదాకా ఆ యంత్రాన్ని స్టార్ట్ చెయ్యనివ్వకండి.