మంచుదేశమున అరటితోట

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున, ధ్రువవలయమునకు చేరువగా నున్న ఐస్‌లాండు ద్వీపమున, డిసెంబరు మాసమందు సూర్యుడు దినమునకు నాలుగైదు గంటలకు మించి కానరాడు. కానవచ్చినను దిగంతరేఖను విడిచి పైకెక్కడు. అట్టి దేశమున, రాజధాని రేక్యవిక్కునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, హ్వెరగెర్ది యను చిన్న పట్టణపు శివారునగల రేకిర్ ఉద్యానవిద్యాలయమున, గాజుకప్పు క్రింద అరటిచెట్లు దశాబ్దములుగా గెలలు వేయుచున్న వన్నచో, లంకల అరటితోటలు చూచి పెరిగిన గోదావరి తీరవాసికి అది వింతగా తోచక మానదు. ఆ గాజుగృహమును నేటివరకు నిలిపినది ధనవంతుని వైభవము గాదు, బొగ్గుకొట్టము గాదు. పదిమందియు పంచుకొనిన భూగర్భపు వేడిమి.

ఐరోపా ఖండమున గాజుగృహముల చరిత్ర చాలవరకు ఇంధనవ్యయపు చరిత్రయే. లండను చెంత క్యూ ఉద్యానమున, 1844 మొదలు 1848 వరకు డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ అనువారు ఇనుముతో గాజుతో నిర్మించిన తాళవృక్ష మందిరమును వెచ్చగా నుంచుటకు నేలమాళిగలో బాయిలర్లను నెలకొల్పి, పొగ చెట్లను తాకకుండునట్లు దానిని సొరంగమార్గమున దూరముననున్న గోపురమునకు చేర్చి, ఆ సొరంగముననే బొగ్గును లోనికి కొనిరావలసివచ్చెను. సామ్రాజ్యపు బొక్కసము అండగా నున్నచోట ఇట్టి ఏర్పాటు చెల్లినది గాని, బొగ్గును ఓడలపై దిగుమతి చేసికొను బీద ద్వీపమునకు అది అందని మ్రానిపండు.

అయితే ఆ ద్వీపమునకు కాళ్లక్రిందనే నిప్పు గలదు. రేక్యవిక్కు స్త్రీలు మాసిన బట్టల మూటలను మోసికొని మూడు కిలోమీటర్లు నడచి ఉష్ణగుండములకు పోయి ఉతికికొని వచ్చుట తరతరముల ఆచారము. సలసల కాగు ఆ నీటిలో జారిపడి ప్రాణములు కోల్పోయినవారును లేకపోలేదు. 1928లో అచ్చట బావులు త్రవ్వ నారంభింపగా, సెకనుకు 14 లీటర్ల చొప్పున వేడినీరు లభించెను. 1930లో దానిని మూడు కిలోమీటర్ల గొట్టము ద్వారా నగరమునకు తెచ్చి పాఠశాలకు, ఈతశాలకు, ఆసుపత్రికి, సుమారు 60 ఇండ్లకు పంచిపెట్టిరి. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పొయ్యి యను పద్ధతి పోయి, ఊరంతటికి ఒకే ఉష్ణమూల మను పద్ధతి అచ్చట అట్లు వేళ్లూనినది. పిదప యుద్ధమువలన జాప్యము కలిగినను, 1943లో మరింత దూరమునుండి మరియొక గొట్టము నగరమును చేరెను.

మొక్కలును ఈ పంపకమున తొలినాళ్లనుండియే భాగస్వాములు. ఐస్‌లాండున భూగర్భపు వేడిమితో నడచు తొలి గాజుగృహము 1924లో వెలసినది. ఆవిరి బుగ్గల నడుమ పుట్టిన హ్వెరగెర్ది క్రమముగా కూరగాయలకు, పువ్వులకు పేరుపడినది. 1939లో దాని చెంత రేకిరున ప్రభుత్వ ఉద్యానవిద్యాలయము ప్రారంభమాయెను. ఉన్‌స్టెయిన్ ఓలాఫ్సన్ దాని తొలి అధ్యక్షుడు. 2005లో ఆ విద్యాలయము ఐస్‌లాండు వ్యవసాయ విశ్వవిద్యాలయమున విలీనమై పరిశోధనాక్షేత్రముగా నుండెను. 2022లో దాని బోధనాశాఖ వేరొక విద్యాసంస్థకు మారినది.

అరటి కథ చిత్రమైనది. ఉష్ణదేశములలో నెలల వ్యవధిలో పక్వమగు గెల, వెలుతురు చాలని రేకిరున ఏడాదిన్నరనుండి రెండేండ్లవరకు సమయము తీసికొనును. వేడిమి నేలనుండి లభించినను సూర్యకాంతి నేలనుండి లభింపదు గదా! కావుననే దిగుమతి పండ్లు చౌకయైన పిదప ఆ సేద్యము వ్యాపారముగా నిలువలేదు. విద్యాలయమున మాత్రము తోట మిగిలి, పండ్లు విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, అతిథులకు దక్కుచున్నవి. ఐరోపాలో అరటిపండ్లను అత్యధికముగా పండించు దేశము ఐస్‌లాండే యను మాట యొకటి లోకమున వ్యాపించినది గాని, స్పెయినునకు చెందిన కెనరీ దీవులలో ఏటేటా లక్షల టన్నుల అరటి పండుచుండగా, అది కేవలము కట్టుకథ.

భూగర్భపు వేడిమిని పంచుకొను ఈ వ్యవస్థయందలి మెలకువ దానిని అంచెలంచెలుగా వాడుకొనుటలో గలదు. కట్టెలపొయ్యిపై వంట ముగించిన ఇల్లాలు మిగిలిన నిప్పులను దాలిలోనికి త్రోసి పాలు కాగబెట్టునట్లు, ఇండ్లగదులను వెచ్చజేసి సుమారు 35 డిగ్రీలకు చల్లారిన నీటిని రేక్యవిక్కు వాసులు పారబోయక, కాలిబాటల అడుగున పరచిన గొట్టములలోనికి మరలించి, పైన కురియు మంచును కరగింతురు. మిక్కిలి వేడియైన భూగర్భజలము ఖనిజములతో గూడి గొట్టములను పూడ్చివేయును గనుక, అట్టిచోట్ల దాని వేడిమిని మాత్రమే వినిమయయంత్రము ద్వారా మంచినీటికి బదలాయింతురు.

వేడిమి చౌకయైనచోట విద్యుత్తే ప్రియమైనది. శీతకాలమున మొక్కలకు కృత్రిమకాంతి తప్పదు. సోడియం దీపము వెలుగుతోపాటు వేడిమినిగూడ ఆకులపై చిమ్మును. ఎల్‌ఈడీ దీపము తక్కువ విద్యుత్తుతో వెలుగు నిచ్చును గాని, దాని క్రింద ఆకు చల్లబడి పెరుగుదల మందగించును. అప్పుడు గొట్టముల వేడిమిని పెంచి ఆ లోటు పూడ్చుకొనవలెను. టమాటా, స్ట్రాబెర్రీ మొక్కలపై రేకిరున జరిగిన పరిశోధనలు ఈ లెక్కను తేల్చుటకే: ఒక దీపమును మార్చినచో పొదుపెంత, దానికి ప్రతిగా వెచ్చింపవలసిన వేడిమి యెంత?

అయినను ఐస్‌లాండు ప్రజలందరు ఈ భూగర్భసంపదను ఆదినుండియు వాడుకొనిరని భావింపరాదు. 1970 నాటికి సుమారు సగము జనాభా దిగుమతి చమురుతోనే ఇండ్లు వెచ్చజేసికొనుచుండెను. 1973లో చమురు ధర మిన్నంటగా ప్రభుత్వము కదలి, బావులను త్రవ్వించి, గొట్టములను పరపించినది. నేడు పదింట తొమ్మిది ఇండ్లు భూగర్భపు వేడిమితోనే వెచ్చబడుచున్నవి.

తెలుగునాట గాజుగృహపు సమస్య దీనికి విపరీతమైనది. ఇచ్చట మొక్కకు కావలసినది చలువ. పటాన్‌చెరువు ఎండలో గాజుకప్పు క్రింద పరిశోధన సాగవలెనన్న, పంకాలు త్రిప్పి, తడిపిన మెత్తలగుండ గాలిని పంపి, నీటికిని విద్యుత్తునకును మూల్యము చెల్లింపవలెను. కావున రేకిరును చూచి మనము అనుకరింపదగినది అచ్చటి గొట్టములను గాదు, అచ్చటి విచారణాక్రమమును. మన వ్యవసాయ విశ్వవిద్యాలయములు నూతన గాజుగృహమునకు శంకుస్థాపన చేయుటకు పూర్వము, తమ ప్రాంగణమున ఏ నీడ, ఏ గాలి, ఏ నీరు ఊరకే లభించునో, ఒక భవనము విడిచిపెట్టు చలువ మరియొక దానికి ఎట్లు ఉపకరించునో లెక్కగట్టి, పిమ్మటనే ఇటుకపై ఇటుక పేర్చుట ఉచితము.