అర్హత అనే గుమ్మం

పోటీ పరీక్షల పుస్తకాల్లో డాక్టర్ రాజ్ రెడ్డి ఒక్క వాక్యంలో ఇమిడిపోతారు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి భారతీయ సంతతి శాస్త్రవేత్త, 1994. మా వడ్డేపల్లి పిల్లలూ దాన్ని అలాగే బట్టీ పడతారు. చరిత్ర పాఠం చెప్పుకుని బతికే మనిషిగా నాకు ఆ వాక్యం చాలదు. శాస్త్రవేత్తల జీవితాల్ని మైలురాళ్ల వరసగా రాయడం మనకు అలవాటు. ఎవరు తలుపు తీస్తే ఆ మనిషి లోపలికి వెళ్లగలిగాడు, వెళ్లాక తను ఎవరికి తలుపు తీశాడు అన్న ప్రశ్నలు ఆ వరసలో కనిపించవు. స్త్రీల వైపు నుంచి చదివేటప్పుడు నాకు ఆ ప్రశ్నలే ముఖ్యమనిపిస్తాయి.

దబ్బల రాజగోపాల్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ఆ కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి సివిల్ ఇంజనీరింగ్ పట్టా, 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్, ఆపైన అక్కడే ఐబిఎంలో ఉద్యోగం. తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లి, కృత్రిమ మేధ అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర 1966లో పిహెచ్‌డి పూర్తి చేశారు. పల్లెటూరి పిల్లవాడు ఇంతదూరం రావడం తప్పకుండా గొప్ప విషయమే. అయితే ఆ కాలపు రైతు కుటుంబంలో చదువు కోసం కొడుకు ఊరు దాటితే గర్వపడేవారు. కూతురు దాటాలంటే పంచాయితీ జరిగేది. ఈ తేడా ఆయన తప్పు కాదు, కానీ ఆయన కథలో భాగమే.

గిండీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. రాజ్ రెడ్డి కంటే పదిహేనేళ్ల ముందు, 1943లో, అదే కాలేజీలో ఇంజనీరింగ్ చదువు ముగించిన తెలుగు స్త్రీ ఉంది. ఆమె అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు, చేతిలో నాలుగు నెలల కూతురుతో, వైధవ్యం. తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఆయన పట్టుబట్టి అధికారుల్ని ఒప్పించబట్టి ఆమెకు సీటు దొరికింది. పట్టా కాగితం మీద ‘అతను’ అని అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చింది. అక్కడి అర్హత మగవాడికే అచ్చు పోసి ఉంచారు. ఆమె తెలివి సంగతి సరే, ఆ తండ్రి అక్కడ లేకపోతే? ఏ ప్రొఫెసరూ తండ్రి కాని అమ్మాయిల సంగతేమిటి?

రాజ్ రెడ్డి 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. ఎలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ వంటి పెద్దలు అప్పటికే అక్కడున్నారు. మనిషి మాటని యంత్రం అర్థం చేసుకోవాలన్నది ఆయన పట్టుకున్న సమస్య. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో 1971 నుంచి అయిదేళ్లు సాగిన పరిశోధనలో ఆయన బృందం నుంచి హియర్‌సే, డ్రాగన్, హార్పీ అనే వ్యవస్థలు వచ్చాయి. 1976 నాటికి హార్పీ దాదాపు వెయ్యి మాటల్ని పోల్చుకోగలిగింది. ఈరోజు ఫోనుతో మాట్లాడే ప్రతివారి వెనకా ఆ శ్రమ ఉంది.

ఆ బృందంలో ఒక స్త్రీ గురించి మనం తెలుసుకోవాలి. జానెట్ బేకర్ జీవభౌతిక శాస్త్రం వైపు నుంచి వచ్చింది. భర్త జేమ్స్ బేకర్‌తో పాటు రాజ్ రెడ్డి దగ్గరే 1975లో పిహెచ్‌డి చేసింది. ఇద్దరూ కలిసి 1982లో మసాచుసెట్స్‌లోని తమ ఇంట్లోనే డ్రాగన్ సిస్టమ్స్ మొదలుపెట్టారు. మాట మాటకీ ఆగకుండా మామూలుగా మాట్లాడుతుంటే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని 1997లో మార్కెట్లోకి తెచ్చారు. 2000లో ఆ కంపెనీని ఒక బెల్జియం సంస్థకు షేర్ల రూపంలో అమ్మారు. ఆ సంస్థ లెక్కల మోసం బయటపడి కుప్పకూలింది, షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. రాజ్ రెడ్డి శిష్యులనగానే కై-ఫు లీ పేరు ముందు గుర్తొస్తుంది. జానెట్ పేరు చాలాసార్లు ‘బేకర్ దంపతులు’ అన్న మాటలో సగమై మిగిలిపోతుంది. జంటగా చేసిన పనిలో స్త్రీ పేరు ఏమవుతుందో సాహిత్య చరిత్ర చదివిన మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రాజ్ రెడ్డి 1991 నుంచి 1999 దాకా అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్. జీవిత సంగ్రహాల్లో పెద్దగా కనబడని ఒక మార్పు ఆ కాలంలోనే మొదలైంది. 1995లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో కొత్తగా చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతం. ఎందుకిలా అని జేన్ మార్గోలిస్, ఎలన్ ఫిషర్ నాలుగేళ్లపాటు వందమందికి పైగా విద్యార్థుల్ని, ఆడా మగా ఇద్దర్నీ, మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. తేలినదేమిటంటే, చాలా ఇళ్లలో కంప్యూటర్ కొడుకు గదిలో ఉంటోంది. అతను చిన్నప్పటి నుంచీ దాన్ని విప్పి, బిగించి, ప్రోగ్రాములు రాసి వస్తున్నాడు. ఆ అనుభవాన్నే కాలేజీ ‘ప్రతిభ’గా లెక్కపెడుతోంది. నిజానికి ముందస్తు అనుభవం లేనివాళ్లు కూడా ఆ చదువులో నెగ్గుకురాగలరని ఆ అధ్యయనం చూపించింది. దాదాపు అదే సమయంలో, రేపు ఈ రంగాన్ని నడిపించగలవాళ్లని పట్టుకునే కొలమానాలు తయారుచేయండని డీన్‌గా రాజ్ రెడ్డి ప్రవేశాల విభాగాన్ని అడిగారు. కోడు రాసిన అనుభవానికి ఇచ్చే తూకం తగ్గించారు. 2000 నాటికి అమ్మాయిలు 42 శాతమయ్యారు. అయిదేళ్లలో అమ్మాయిల తెలివి ఆరింతలు పెరగలేదు, కొలత మారింది. అంతే.

పిట్స్‌బర్గ్ కాలేజీ లెక్క వడ్డేపల్లికి ఎందుకంటారా? మాది నడిగడ్డ, కృష్ణా తుంగభద్రల నడుమ నేల. నిన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల. రెండు నదులున్నా చదువుకి కరువు. 2011 జనాభా లెక్కల్లో మా ప్రాంతపు ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు నూటికి నలభైమంది లోపే. ఇక్కడ సీడ్ పత్తి పండుతుంది. సాయంత్రం మొగ్గలోంచి కేసరాల్ని గోటితో ఒలిచి గుర్తు పెట్టాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. వేళ్లు సన్నగా ఉంటాయనీ, కూలి తక్కువకు వస్తారనీ, ఎదురు మాట్లాడరనీ ఏళ్ల తరబడి ఆ పనికి ఆడపిల్లల్నే పెట్టుకున్నారు. సీజను సరిగ్గా బడి నడిచే నెలల్లోనే. మొక్కల సంకరం చేతులారా చేసిన పిల్లకి ఆ అనుభవం ఏ పరీక్షలోనూ ఒక్క మార్కు తేలేదు. కొడుకు గదిలో కంప్యూటర్ అనుభవం ప్రతిభ అయితే, కూతురి చేతుల్లోని ఈ నేర్పు ఏమిటి? ఉత్త కూలి!

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు ప్రాంగణాలతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైంది. దాని తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. ప్రవేశ పరీక్ష లేదు, కోచింగ్ అక్కర్లేదు. పదో తరగతి ఫలితమే ఆధారం. గ్రేడు పాయింట్లు వచ్చాక ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 అదనంగా కలిపారు. వాళ్లు ఏమేమి లేకుండా ఆ మార్కులు తెచ్చుకున్నారో లెక్కలోకి తీసుకోవడమే ఆ అదనం. కార్నెగీ మెలన్‌లో కొలత మార్చిన ఆలోచనకీ దీనికీ చుట్టరికముందని నా నమ్మకం. ఈమధ్య సంవత్సరాల్లో బాసర ఎంపిక జాబితాల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ.

ఇందులో మరో సంగతి ఉంది. ఆ చదువు ఆరేళ్లు, అదీ హాస్టల్లో ఉండి. పదిహేను పదహారేళ్ల నుంచి ఇరవై రెండు దాకా. మా వైపు ఆడపిల్లకి సంబంధాలు చూసేది కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే. ఇంటర్ ఒకచోట, డిగ్రీ ఒకచోట అయితే మధ్యలో ప్రతి మలుపు దగ్గరా ‘ఇక చాల్లే’ అనేవాళ్లు నిలబడి ఉంటారు. ఆరేళ్లు ఒకే గొలుసుగా ఉండటంతో ఆ మాట అనడానికి సందు దొరకదు. నేను చదువు చెప్పిన ఒకమ్మాయి నాతో అన్న మాట ఇది: “మేడం, ఆడ సీటొచ్చింది గనుక నా పెండ్లి ఆగింది.” సీటు విలువని ఇంత సూటిగా ఏ విద్యా విధాన పత్రంలోనూ నేను చదవలేదు.

గుమ్మం దాటితే అంతా బాగుంటుందని కాదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు తిండి, వసతులు, అధ్యాపకుల కోసం వారం రోజులు ఎండలో వానలో గేటు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. అందులో వందలాది అమ్మాయిలున్నారు. లోపలికి రానిచ్చిన చదువు లోపల ఎలా ఉండాలో అడిగే హక్కు తమదేనని వాళ్లు చెప్పారు.

చదువురానివాళ్లకి కంప్యూటర్ అందాలంటే మాటే దారి అని రాజ్ రెడ్డి ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు. మా నడిగడ్డ ఆడవాళ్లకి అది అక్షరాలా నిజం. అయితే యంత్రం ఎవరి గొంతులు విని నేర్చుకుంటే వాళ్ల మాటే దానికి బాగా తెలుస్తుంది. రాయచూరు కన్నడం కలిసిన మా యాసలో, చేనులోంచి మాట్లాడే అవ్వ గొంతు ఆ నేర్చుకోవడంలో ఉందా? ఆ పని చేసే బల్ల దగ్గర మా మండలం అమ్మాయి కూర్చుంటే ఈ ప్రశ్న వేస్తుంది. వేరేవాళ్లకి అది తట్టకపోవచ్చు.

అందుకే నాకు రాజ్ రెడ్డి చరిత్ర అవార్డు దగ్గర ముగియదు. 2008 నుంచి ఒక్కో మండలం దాటి బాసరకు వెళ్లిన అమ్మాయిలు ఇప్పుడెక్కడున్నారు? ఎవరు ఉద్యోగంలో నిలిచారు, ఎవరు పరిశోధనకు వెళ్లారు, ఎవర్ని పెళ్లి వెనక్కి లాగింది? మౌఖిక చరిత్రలు సేకరించడం మన స్త్రీలకు కొత్త కాదు. ఆ అమ్మాయిల మాటలు వాళ్ల పేర్లతో సహా రాసి పెట్టుకోవడం మనం ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని. లేకపోతే వాళ్ల కథ కూడా రేపు ఒక శాతంగానే మిగులుతుంది.