రాస్ప్‌బెర్రీ పై కేసు: ఒక చిన్న పెట్టె చరిత్ర

ప్రాసెసర్, మెమరీ, కేబుళ్లు తగిలించే పోర్టులు అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద అమరిన యంత్రాన్ని సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటారు. ఇటువంటి బోర్డును కేసు లేకుండా అమ్మడం ఈ శతాబ్దంలో మొదలైన పద్ధతి కాదు. 1976లో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన యాపిల్-1ను 666.66 డాలర్లకు బోర్డుగానే అమ్మారు. కీబోర్డు, పెట్టె కొన్నవారే సమకూర్చుకోవలసి రావడంతో కొందరు దానికి చెక్క పెట్టెలు చేయించుకున్నారు. మరుసటి ఏడాది యాపిల్-2 ప్లాస్టిక్ పెట్టెలో రావడంతో ఆ అవసరం తీరింది. కేసు బాధ్యతను మళ్లీ కొనుగోలుదారుకు అప్పగించిన బోర్డుల్లో అన్నిటికంటే ప్రసిద్ధికెక్కినది బ్రిటన్‌లో పుట్టిన రాస్ప్‌బెర్రీ పై.

పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అందుబాటు ధరలో కంప్యూటర్ ఉండాలన్న ఆశయంతో 2012 ఫిబ్రవరి 29న విడుదల చేసిన మోడల్ బి ధర 35 డాలర్లు. క్రెడిట్ కార్డంత ఉన్న ఆ బోర్డుకు కేసు లేదు సరికదా, స్క్రూ బిగించడానికి రంధ్రమైనా లేదు. అందువల్ల తొలినాటి కేసులు బోర్డును అంచుల దగ్గరే పట్టి ఉంచవలసి వచ్చింది. అదే ఏడాది సవరించిన బోర్డులో రెండు రంధ్రాలు, 2014 జులైలో వచ్చిన బి ప్లస్‌లో నాలుగు రంధ్రాలు చేరాయి. 58 మిల్లీమీటర్ల పొడవు, 49 మిల్లీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రపు మూలల్లో ఉన్న ఆ నాలుగూ తర్వాతి ప్రధాన మోడళ్లకూ కొనసాగడం కేసులు తయారుచేసేవారికి పెద్ద ఊరట.

బోర్డుతో కేసు రాకపోవడమనే ఈ లోటులోంచే ఒక కొత్త వ్యాపారం పుట్టింది. షెఫీల్డ్ నగరంలోని పిమొరోనీ సంస్థ తెచ్చిన పైబో కేసులో రంగురంగుల యాక్రిలిక్ పలకలను లేజర్‌తో కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, పొడవైన బోల్టులతో బిగిస్తారు. ఏ పోర్టు ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తులోని పలకలోనే దానికి ఖాళీ వదలడం వల్ల, పలకలన్నీ కలిసేసరికి బోర్డు ఆకారానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే పెట్టె తయారవుతుంది. దీని రూపకర్త పాల్ బీచ్ రాస్ప్‌బెర్రీ పై చిహ్నాన్ని గీసినవాడు కూడా కావడం గమనార్హం.

కేసు దుమ్మునుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి మాత్రమే కాపాడుతుందన్న అభిప్రాయాన్ని 2015 ఫిబ్రవరి నాటి ఒక సంఘటన మార్చింది. అప్పుడే విడుదలైన రాస్ప్‌బెర్రీ పై 2ను జెనాన్ ఫ్లాష్‌తో ఫోటో తీస్తే అది ఉన్నపళంగా ఆగిపోయేది. విద్యుత్ సరఫరాను నియంత్రించే ఒక చిప్‌లోని సిలికాన్‌కు పూర్తి కప్పు లేకపోవడం, తీవ్రమైన కాంతి తగిలితే సిలికాన్‌లో విద్యుత్ పుట్టడం ఇందుకు కారణాలని తేలింది. ఆ చిప్ మీద కాంతి పడకుండా ఏదైనా కప్పితే సరిపోయింది. లోపలికి వెలుగు చొరని కేసు ఉన్నవారికి ఆ అవసరం కూడా లేదు. రాస్ప్‌బెర్రీ పై సంస్థ సొంత కేసు అదే ఏడాది జూన్‌లో తెలుపు, ఎరుపు రంగుల్లో, స్క్రూలు లేకుండా అమరే అయిదు భాగాలతో వచ్చింది.

2016లో రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డులోనే వైఫై చేరడంతో, చుట్టూ లోహంతో మూసిన కేసు రేడియో సంకేతాలకు అడ్డమైంది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4లో ఈథర్‌నెట్, యూఎస్‌బీ పోర్టులు స్థానాలు మార్చుకుని పాత కేసులను పనికిరాకుండా చేశాయి. అంతకంటే పెద్ద సమస్య వేడి. ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనిని థ్రాట్లింగ్ అంటారు. గాలి ఆడని ప్లాస్టిక్ కేసులో ఆ స్థితి త్వరగా వస్తుంది కనుక, 2020 చివర్లో సంస్థే తన కేసుకు అమర్చుకునే చిన్న ఫ్యాన్‌ను విడుదల చేసింది. 2023లో రాస్ప్‌బెర్రీ పై 5 కేసులో ఫ్యాన్‌ను అంతర్భాగం చేసింది. ఈలోగా ఇతర తయారీదారులు ప్రాసెసర్‌ను తాకి వేడిని గోడలకు చేరవేసే అల్యూమినియం కేసులను తెచ్చారు. ఇవి చప్పుడు చేయవు, దుమ్ము పీల్చవు.

మే నెలలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు చేరువయ్యే తెలుగు ప్రాంతాల్లో, బోర్డును రాత్రింబవళ్లు నడిపేవారు రంగుకు, అందానికి ముందు ఈ వేడి సంగతి చూసుకోవాలి. వైఫై అక్కర్లేకుండా ఈథర్‌నెట్ కేబుల్‌తో నడిపేవారికి అల్యూమినియం కేసే మేలు. వైఫై తప్పనిసరైనవారు ఫ్యాన్ ఉన్న ప్లాస్టిక్ కేసును, అదీ తమ మోడల్ పేరు సరిచూసుకున్నాకే కొనాలి.