మస్టరు పైకి చదివిన రోజు

1990ల మొదట్లో రాజస్థాన్‌లో కరువు పనులకెళ్లిన కూలీలు పూర్తి కూలి అడిగితే అధికారులది ఒకటే జవాబు: ‘రికార్డు ప్రకారం మీరు అంత పని చేయలేదు.’ ఆ రికార్డు చూపించమంటే, అది ప్రభుత్వ రహస్యం!

అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ కూలీలతో కలిసి పెట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఆ కాగితాల కోసమే పట్టుబట్టింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జనాన్ని కూర్చోబెట్టి, చేజిక్కిన లెక్కలు పైకి చదివింది. అదే మొదటి జన సున్వాయీ, అంటే బహిరంగ విచారణ. చచ్చిపోయినవాళ్లు, ఊరొదిలి వలసపోయినవాళ్లు కూలి తీసుకున్నట్టు రాసిన లెక్కలు ఇలాంటి సభల్లో బయటపడేవి. ఆ కాగితాలు చూసే హక్కు కోసం 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా. 2005లో సమాచార హక్కు చట్టం.

అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్‌లో, పనుల సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ చట్టం కింద పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ రాజస్థాన్ సంఘం వాళ్లను పిలిపించి, తన లెక్కలు తప్పుపట్టడం ఎలాగో తనే నేర్పించుకుంది. ప్రభుత్వాలు ఇలాంటి పని చేయడం అరుదు. అందుకే నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. 2009లో తనిఖీకి విడిగా ఒక సొసైటీ ఏర్పడింది.

కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే తనిఖీదారులు. సొంతూరు కాకుండా పక్క ఊళ్లకు వెళ్తారు. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ‘అమ్మా, చెరువు పనికి ఆరు రోజులు పోయినట్టుంది, పోయావా?’ అని అడిగి, జాబ్ కార్డు, పాసుబుక్కు పక్కపక్కన పెట్టి చూస్తారు. చెరువు గట్టెక్కి టేపుతో కొలుస్తారు. ఆఖరున మండల ప్రజావేదికలో, అధికారులందరి ముందూ, తేలినదంతా చదువుతారు. సంతకం రాని అవ్వ లేచి ‘ఆ వేలిముద్ర నాది కాదు’ అనగలిగే చోటు అది.

2011లో కేంద్రం సామాజిక తనిఖీ నిబంధనలు తెచ్చి అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. కానీ తినేసిన సొమ్ములో వసూలైంది కొంచెమే. వేటు కూడా ఎక్కువగా ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు మీదే పడుతుంది. అతన్ని ఆ పనిలో పెట్టించిన నాయకుడి పేరు ఏ మస్టరులోనూ ఉండదు.