సగం కనిపించే పిక్సెల్

1898లో జార్జ్ మెలియేస్ తన తలను తానే ఊడదీసి బల్ల మీద పెట్టి చూపించాడు. నల్లటి తెర ముందు నటించి, అదే ఫిల్మును వెనక్కి చుట్టి, దాని మీదే మళ్లీ చిత్రించాడు. నలుపు ఫిల్ము మీద పడదు కాబట్టి ఆ మేరకు రెండో బొమ్మకు చోటు మిగిలింది. ఇవాళ టైమ్‌లైన్‌లో మనం ఒక లేయర్ మీద ఇంకో లేయర్ వేసే పనికి బీజం ఇదే.

ఆ తర్వాత చాలా ఏళ్లు కష్టమంతా కదిలే మనిషిని వెనకున్న దృశ్యం నుంచి విడదీయడం దగ్గరే. ఫ్రాంక్ విలియమ్స్ 1918లో ట్రావెలింగ్ మ్యాట్‌కు, అంటే మనిషితోపాటు కదిలే ముసుగు ఫిల్ముకు, పేటెంట్ పొందాడు. లారీ బట్లర్ 1940 నాటి ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’కు బ్లూ మ్యాట్ వాడాడు. మనిషి ఆకారం బాగానే తెగేది. జుట్టు, పొగ, గాజు మాత్రం లొంగేవి కావు. అవి సగం కనిపిస్తాయి, మిగతా సగంలో వెనకున్నది కనిపిస్తుంది. ‘బెన్-హర్’ (1959) కోసం పెట్రో వ్లాహోస్ రూపొందించిన పద్ధతి ఆ చిక్కును చాలావరకు విప్పింది.

నా దృష్టిలో అసలు మలుపు 1977లో, న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వచ్చింది. ఎడ్ క్యాట్మల్ కంప్యూటర్‌లో గీసిన బొమ్మకు వెనక దృశ్యం మార్చినప్పుడల్లా మొత్తం లెక్క మళ్లీ వేయాల్సి వచ్చేది. ఆల్వీ రే స్మిత్‌తో కలిసి ఆలోచిస్తే దారి దొరికింది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కన నాలుగో అంకెగా ఆ పిక్సెల్ ఎంత నిండుగా ఉందో కూడా దాచడం. అదే ఆల్ఫా ఛానెల్. కోత గీత వేరే ఫిల్ములో కాక బొమ్మతోపాటే ప్రయాణించడం మొదలైంది.

1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ దీనికి లెక్కలు స్థిరపరిచారు. ఒక వెంట్రుక పిక్సెల్‌లో సగమే ఆక్రమించిందనుకుందాం. ఆల్ఫా 0.5. రంగును ముందే 0.5తో గుణించి ఉంచుకుంటే, వెనక దృశ్యంలోంచి మిగిలిన 0.5 వంతు తెచ్చి కలిపితే చాలు. ఇంత చిన్న సూత్రం మీద ఇంత పెద్ద పరిశ్రమ నిలబడడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. 1996లో ఆస్కార్ అకాడమీ క్యాట్మల్, స్మిత్, పోర్టర్, డఫ్ నలుగురినీ సాంకేతిక పురస్కారంతో గౌరవించింది.

1993లో వచ్చిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌తో ఈ విద్య మామూలు డెస్క్‌టాప్ మీదికి దిగింది. దాంతో కొత్త తలనొప్పీ వచ్చింది. ముందే గుణించిన ఫైలును సాఫ్ట్‌వేర్ స్ట్రెయిట్ ఆల్ఫాగా, అంటే రంగు ఇంకా గుణించనట్టుగా, చదివితే రంగు రెండుసార్లు తగ్గి, టైటిల్ అక్షరాల చుట్టూ నల్లటి అంచు కడుతుంది. చాలామంది ఎడిటర్లు అక్కడ అంచును కొరికి సరిపెడతారు. మార్చాల్సింది ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లోని ఆల్ఫా సెట్టింగ్.

ఎక్స్‌పోర్ట్ దగ్గర ఇంకో గండం. మనం రోజూ తీసే హెచ్.264 ఎంపీ4 ఫైళ్లలో ఆల్ఫా నిలవదు. లోగో వెనక నలుపు వచ్చి కూర్చుంటుంది. అందుకే 2009 నుంచి ఆల్ఫాను నిలుపుకునే ప్రోరెస్ 4444 ఫార్మాట్ స్టూడియోల్లో ఈ పనికి స్థిరపడింది. ఆ ఫైళ్ల బరువు మోయలేని ఫోన్లకూ వెబ్ పేజీలకూ పనికొచ్చేలా 2019లో ఆపిల్ ఆల్ఫాతో కూడిన హెచ్‌ఈవీసీ తెచ్చింది.